ఆత్మీయ ఎదుగుదలకు కృతజ్ఞత కూడిక: ఇంట్లో పద్ధతిగా జరుపుకోవడం ఎలా?

ఉద్యోగం వస్తే మన క్రైస్తవ ఇళ్లలో పదిమందిని ప్రార్థనకు పిలిచి, దేవునికి కృతజ్ఞత కూడిక పెడతాం. గృహప్రవేశానికి, కొడుకు వీసాకు, మనవరాలి మొదటి పుట్టినరోజుకు పెడతాం. ఏళ్ల తరబడి ఉన్న కోపం తగ్గినందుకో, తమ్ముడితో మాటలు కలిసినందుకో, అమ్మ మొదటిసారి బైబిలు చివరిదాకా చదివినందుకో కూడిక పెట్టిన ఇల్లు విశాఖలో వెతికినా దొరకడం కష్టం. "ఇలాంటివాటికి కూడా పెట్టొచ్చా? గొప్పలు చెప్పుకున్నట్టు ఉండదా?" అని గాజువాక నుంచి మధురవాడ దాకా చాలామంది అడుగుతున్నారు.

పెట్టొచ్చు. అది గొప్పలుగా మారేదీ మారనిదీ ముందు చేసే పనుల్లోనే తేలిపోతుంది. అందుకే కూడిక జరిగే గంటంపావు కంటే అంతకు ముందు నెల రోజుల గురించే ఇక్కడ ఎక్కువ రాశాను. కనీసం నాలుగు వారాలు చేతిలో పెట్టుకుని మొదలుపెట్టండి.

## 1. దేనికి కృతజ్ఞతో ఒక్క వాక్యంలో రాయండి

"ప్రభువులో చాలా ఎదిగాను" అని రాస్తే పనికిరాదు. అది ఎవరికైనా సరిపోతుంది, ఎవరూ సరిచూడలేరు. పక్కింటివాళ్లకు కూడా అర్థమయ్యే మాట రాయాలి.

ఇలా:

- చిట్టీ డబ్బు దగ్గర చెడిన వదినతో మళ్లీ రాకపోకలు మొదలయ్యాయి.
- ఏడాదిన్నరగా మందు ముట్టలేదు.
- బాప్తిస్మం తీసుకుని ఏడాదైంది, అబద్ధంతో నెట్టుకొచ్చే వ్యాపారం మానేశాను.
- అత్తగారికి మంచంలో సేవ చేస్తూ విసుక్కోవడం తగ్గింది.

ఏం రాయాలో తోచకపోతే బైబిల్లో గలతీ పత్రిక 5వ అధ్యాయం 22, 23 వచనాలు తెరవండి. ప్రేమ, సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం, దయాళుత్వం, మంచితనం, విశ్వాసం, సాత్వికం, ఆశానిగ్రహం. ఈ తొమ్మిదింటిలో ఒక్కటి తీసుకోండి. రెండు తీసుకున్నారంటే సాక్ష్యం (దేవుడు మీకు చేసినదాన్ని కూడికలో చెప్పుకోవడం) సాగుతుంది, మూడైతే చెప్పేవారికే దారి తప్పుతుంది.

బైబిలు చదవడం పూర్తి చేసినందుకు కూడిక పెట్టేవారికి ఒక మాట. 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు చదవాలి. డ్యూటీ చేస్తూ, ఇల్లు నడుపుతూ అది చిన్న పనేమీ కాదు. అయినా లెక్క దగ్గరే ఆగకండి. చదివిన దానివల్ల ఇంట్లో ఏది మారిందో ఆ వాక్యంలో చేర్చండి. ఉపవాస దినాల లెక్కకు కూడా ఇదే వర్తిస్తుంది.

ఎంతకాలం ఆగాలి అని అడుగుతారు. అలవాటు మానడం లాంటి వాటికి కనీసం ఆరు నెలలు ఆగమంటాను. ఇది లేఖన నియమం కాదు, నా అభిప్రాయం. రెండు వారాల మార్పుకు కూడిక పెడితే ఆ మనిషి మీద మోయలేని బరువు పడుతుంది.

## 2. ఆ వాక్యాన్ని ఇంట్లోవాళ్ల ముందు పెట్టండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే. భార్య లేదా భర్త, పిల్లలు, అమ్మానాన్న... ఒక్కొక్కరికీ విడిగా ఆ వాక్యం చదివి వినిపించి, ఈ మూడు ప్రశ్నలు అడగండి:

- ఇది నీకు నిజంగా కనబడిందా? ఎప్పుడు?
- ఇంకా ఏం మిగిలింది?
- పదిమందిలో చెబితే నీకు ఇబ్బందా?

పిల్లలను అందరి ఎదుట అడగొద్దు. నాన్న ముందు "అవును, మారారు" అనకపోతే ఏమంటారు? అమ్మమ్మో పిన్నో పక్కకు పిలిచి అడిగితే అసలు మాట బయటికొస్తుంది.

"మాకేం కనబడలేదు" అన్నారంటే కూడిక ఆపేయండి. వాదించొద్దు. ఆ రాత్రి ఇంట్లోనే మోకరించి ప్రార్థన చేసుకుని, ఆరు నెలల తర్వాత మళ్లీ అడగండి.

మీ పాత అలవాటు వల్ల ఎవరికైనా దెబ్బ తగిలి ఉంటే, చెయ్యి చేసుకోవడం, తిట్టడం, జీతం తాగేయడం లాంటివి ఏవైనా సరే, దాన్ని నలుగురిలో చెప్పాలా వద్దా అన్నది ఆ దెబ్బ తిన్నవారు తేల్చాలి. వారు వద్దంటే వద్దు. పాస్టర్ గారు చెప్పమన్నా వద్దు.

వీలైతే సంఘం (చర్చి) బయటి మనిషిని కూడా ఒకరిని అడగండి. షిఫ్టులో పక్కన పనిచేసేవాళ్లో, ఎదురు పోర్షన్‌వాళ్లో. సంఘ అధ్యక్షుడికి వెలుపలివారి దగ్గర కూడా మంచి సాక్ష్యం ఉండాలని మొదటి తిమోతి 3:7 చెబుతుంది. ఆ కొలత మనకూ పనికొస్తుంది.

## 3. బాకీలు ముందు తీర్చండి

బలిపీఠం దగ్గర కానుక పెడుతుండగా సహోదరుడికి నీమీద ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి 5:23, 24లో ఉంది. కూడికకు ముందు ఈ మెట్టు ఎక్కాలి. పన్నులు వసూలు చేసే జక్కయ్య కూడా యేసును ఇంట్లో చేర్చుకున్నాక పాట పాడి ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు.

ఒక కాగితం మీద మూడు వరుసలు గీయండి: డబ్బు, మాట, మౌనం. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరిని ఏమన్నారు, ఎవరితో మాటలు మానేశారు. పేర్లు రాశాక ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లే రోజు రాసుకోండి.

వెళ్లేటప్పుడు ఈ జాగ్రత్తలు తీసుకోండి:

- క్షమాపణ అడిగే రోజు కూడిక మాట ఎత్తొద్దు. పిలుపు కోసమే వచ్చారనుకుంటారు. పిలవాలనుకుంటే వారం ఆగి ఫోన్ చేయండి.
- "నేను అలా అనడం తప్పు" దగ్గర ఆపండి. "నువ్వు కూడా..." అని మొదలైతే పాత గొడవే తిరిగి లేస్తుంది.
- అప్పు మొత్తం ఒకేసారి తీర్చలేకపోతే నెలకు ఎంతో, ఏ తేదీకో చెప్పి మొదటి వాయిదా చేతిలో పెట్టండి. అప్పు అలాగే ఉంచి బిర్యానీ పెడితే మీ సాక్ష్యం వినేది ఆ అప్పిచ్చినాయనే, అదీ పళ్లు కొరుకుతూ.
- అవతలివారు క్షమించకపోవచ్చు. అది వారి ఇష్టం. మీ పని అడగడం వరకే.

## 4. పాస్టర్ గారితో మాట్లాడి తేదీ ఖాయం చేయండి

"కృతజ్ఞత కూడిక అండీ" అని ఊరుకుంటే ఆయన ఉద్యోగమో స్థలమో అనుకుని దానికి తగ్గ వాక్య సందేశం సిద్ధం చేసుకొస్తారు. మీరు రాసిన ఆ ఒక్క వాక్యం చూపించండి. సందేశం ఇరవై నిమిషాలు చాలని ముందే మర్యాదగా చెప్పండి. అప్పటికప్పుడు చేతి గడియారం చూపించడం బాగుండదు.

తేదీ విషయంలో విశాఖలో చూసుకోవలసినవి:

- వారం: ఆదివారం సాయంత్రానికి రెండు మూడు ఆరాధనలు చేసి ఆయన గొంతు పోయి ఉంటుంది. శుక్రవారం చాలా సంఘాల్లో ఉపవాస ప్రార్థన. శనివారం సాయంత్రం నయం.
- షిఫ్టులు: స్టీల్‌ప్లాంట్‌లో బి షిఫ్టు అంటే రాత్రి పది దాకా డ్యూటీయే. పోర్టు, షిప్‌యార్డుల్లో పనిచేసే కుటుంబాలను కూడా ముందే అడగండి.
- నెల: డిసెంబరులో సెమీ క్రిస్మస్‌లు, కేరల్ రౌండ్లు. శ్రమల దినాల్లో (ఈస్టరుకు ముందు రోజుల్లో) చాలా సంఘాలు వేడుకలు పెట్టుకోవు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం, 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12నే. ఆ రోజుల్లో డాబా మీద షామియానాను నమ్ముకోవద్దు.

కేథలిక్ కుటుంబాలు ముందుగా పాపసంకీర్తనం చేసుకుని (గురువు దగ్గర పాపాలు ఒప్పుకుని), విచారణ గురువుల (తమ చర్చి ఫాదర్) దగ్గర కృతజ్ఞత పూజకు ఉద్దేశం ఇచ్చి, సాయంత్రం ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటే సరిపోతుంది. జ్ఞానాపురంలో అయినా ఇంకెక్కడైనా పూజ మధ్యలో సాక్ష్యం చెప్పే ఏర్పాటు అడగకండి, దానికి ఇల్లే తగిన చోటు.

## 5. చోటు, పిలుపులు

పదిహేను నుంచి పాతికమంది. అంతకు మించితే అది సభ అయిపోతుంది, ఎవరూ మనసు విప్పి మాట్లాడరు.

ముందుగా పిలవవలసినవారు: మీ కోసం ప్రార్థించినవారు, మీ వల్ల నొచ్చుకుని మళ్లీ కలిసినవారు, మీలాంటి పోరాటంలోనే ఇప్పుడు ఉన్నవారు. ఈ మూడోవాళ్లను మరిచిపోవద్దు. అందరికంటే ఎక్కువ ఉపయోగం వారికే. బంధువుల్లో ఎవరు నొచ్చుకుంటారో అని జాబితా పెంచుకుంటూ పోతే వీరికి చోటుండదు.

పంపాల్సిన మెసేజ్ ఇంత చాలు:

"వందనాలు. దేవుడు మా కుటుంబానికి చేసిన మేలును బట్టి ఈ శనివారం సాయంత్రం 6.30కు మా ఇంట్లో చిన్న కూడిక. గంటంపావులో అయిపోతుంది, తర్వాత భోజనం. గిఫ్టులు, కవర్లు వద్దండీ. మీరు రావడమే మాకు సంతోషం."

ఫ్లెక్సీ వద్దు. మీ ఫొటో, పాస్టర్ గారి ఫొటో, మధ్యలో పావురం వేసిన పోస్టర్ కూడా వద్దు.

ఇల్లు ఇరుకైతే అపార్ట్‌మెంట్ సెల్లార్ అడగొచ్చు. అసోసియేషన్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పి, బళ్లు ఎక్కడ పెట్టాలో వాచ్‌మన్‌తో మాట్లాడి పెట్టుకోండి. పాతికమందికి మైకు అక్కర్లేదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదని, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పక్క ఫ్లాట్‌లో ఇంటర్ పరీక్షల పిల్లాడుంటే నియమం దాకా కూడా పోనక్కర్లేదు, కీబోర్డు సౌండ్ తగ్గించండి.

వేసవిలో అయితే ఫ్యాన్లు ముందు చూసుకోండి. మన ఊరి ఉక్కలో ఫ్యాన్ లేని గదిలో ఎవరి సాక్ష్యమూ తలకెక్కదు.

## 6. సాక్ష్యం రాసుకోండి

ఈ మెట్టుకు రెండు సాయంత్రాలు కేటాయించండి. "ఆత్మ నడిపించినట్టు చెబుతాను" అని లేచినవారు ఇరవై ఐదు నిమిషాలు మాట్లాడి, అసలు సంగతి మరిచిపోయి కూర్చోవడం అందరం చూశాం.

అగ్రిప్ప రాజు ఎదుట పౌలు చెప్పుకున్న సాక్ష్యం అపొస్తలుల కార్యములు 26లో ఉంది. ముందు తానెలా ఉండేవాడో, దారిలో ఏం జరిగిందో, తర్వాత ఏం చేశాడో వరుసగా చెప్పాడు. అదే వరుస మీరూ పట్టుకోండి. మొత్తం ఆరు నిమిషాలు. పాత సంగతి ఒక నిమిషం, మార్పు ఎలా వచ్చిందో రెండు నిమిషాలు, ఇప్పుడెలా ఉందో రెండు నిమిషాలు, ఇంకా మిగిలిన పోరాటం, కృతజ్ఞత ఒక నిమిషం. లాంగ్ నోట్‌బుక్‌లో పేజీన్నర దాటకపోతే సరిపోతుంది. రాశాక ఫోన్‌లో టైమర్ పెట్టి పైకి చదివి చూడండి.

చాలామంది ఈ కొలత తిరగేస్తారు. పాత పాపాల కథ పది నిమిషాలు రసవత్తరంగా సాగుతుంది, దేవుడు చేసింది ఒక్క ముక్కలో అయిపోతుంది.

పస లేని సాక్ష్యం ఇలా ఉంటుంది: "ఒకప్పుడు నేను చాలా కోపిష్టిని. ప్రభువు నన్ను మార్చాడు. ఇప్పుడు శాంతంగా ఉంటున్నాను. దేవునికే మహిమ."

అదే మనిషి ఇలా చెప్పొచ్చు: "నేను డ్యూటీ నుంచి వచ్చి గేటు తీసిన చప్పుడు వినగానే పిల్లలు లోపలి గదిలోకి వెళ్లిపోయేవారు. మా పెద్దమ్మాయి చెప్పేదాకా నాకా సంగతి తెలియదు. ఆ వారంలోనే యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో, వినడానికి త్వరపడాలి, మాట్లాడటానికీ కోపించడానికీ నిదానించాలి అన్న మాట చదివాను. ఇంటికి రాగానే పది నిమిషాలు నోరు మెదపకుండా కూర్చుని ప్రార్థన చేయడం మొదలుపెట్టాను. చాలాసార్లు తప్పాను. మా ఆవిడ గుర్తుచేసేది. మొన్న వేసవి సెలవుల్లో పిల్లలు గేటు దాకా ఎదురొచ్చారు. జీతం రాని నెలల్లో మాత్రం నాకు ఇప్పటికీ కష్టమే, దానికోసం ప్రార్థించండి."

రెండోదాంట్లో "మహిమ" అన్న మాటే లేదు. వినేవారికి ఎవరిని స్తుతించాలో తెలుస్తూనే ఉంటుంది.

రాసింది ఒకసారి సరిచూసుకోండి:

- ఇతరుల పేర్లు, వారి తప్పులు ఉన్నాయా? తీసేయండి.
- నేను, నేను అని ఎన్నిసార్లు వచ్చింది? దేవాలయంలో పరిసయ్యుడి ప్రార్థన (లూకా 18:9-14) పక్కన పెట్టి చదివి చూడండి.
- జబ్బు ప్రస్తావన ఉందా? బీపీ, షుగర్, మానసిక వ్యాధుల మందులు "విశ్వాసంతో ఆపేశాను" అని చెప్పొద్దు. విన్నవారిలో ఒకరు మర్నాడు మాత్రలు మానేస్తారు.
- ఇంకా మిగిలింది ఒక్క మాటైనా చెప్పానా? పౌలంతటివాడే ఇంకా గురిని చేరలేదని ఫిలిప్పీ 3:12లో ఒప్పుకున్నాడు.

నలుగురిలో మాట్లాడాలంటే టెన్షన్ పడేవారు కాగితం చూసి చదవొచ్చు. అదీ కష్టమైతే ఇంట్లోవారిని మూడు ప్రశ్నలు అడగమనండి, కూర్చునే జవాబు చెప్పొచ్చు.

## 7. కూడిక క్రమం

నడిపించేది ఇంటి యజమాని కాకుండా వేరే మనిషి అయితే మంచిది. సంఘ పెద్దల్లో ఒకరికి ఈ కాగితం ఇచ్చి, సమయం చూసుకోమనండి.

- పాట, ప్రారంభ ప్రార్థన: 10 నిమిషాలు. అందరికీ వచ్చిన పాత కీర్తనే ఎంచుకోండి.
- లేఖన పఠనం: 5. కీర్తన 103లో మొదటి ఐదు వచనాలు, లేదా సమూయేలు రాయి నిలిపి ఎబెనెజరు (సహాయపు రాయి) అని పేరు పెట్టిన మొదటి సమూయేలు 7:12. పిల్లలతో చదివించండి.
- సాక్ష్యం: 6.
- ఇంట్లోవాళ్ల మాట: 4. వారు ముందే ఒప్పుకుంటేనే.
- మిగతావారి కృతజ్ఞతలు: 15. ఒక్కొక్కరు రెండు మూడు వాక్యాలు.
- పాట: 5.
- వాక్య సందేశం: 20.
- ఇంకా పోరాటంలో ఉన్నవారి కోసం ప్రార్థన, ఆశీర్వాదం: 10.

సాక్ష్యాన్ని వాక్య సందేశానికి ముందే పెట్టడానికి కారణం ఉంది. తర్వాత పెడితే ఆకలి మొదలవుతుంది, పాస్టర్ గారి మాటలకే కొనసాగింపులా మారుతుంది. ముందు పెడితే ఆయన విన్నదాన్ని పట్టుకుని మాట్లాడగలుగుతారు.

మిగతావారి కృతజ్ఞతల సమయంలో మొదట నిశ్శబ్దం ఉంటుంది. కంగారుపడి పాట ఎత్తుకోవద్దు. ఒక్క నిమిషం ఆగితే ఎవరో ఒకరు మొదలుపెడతారు, చాలాసార్లు అది వెనక కూర్చున్న అమ్మమ్మే.

చివరి ప్రార్థనలో పేర్లు చదివి "తాగుడు నుంచి విడుదల కోసం" లాంటి మాటలు అనొద్దు. ఎవరి భారం వారు మనసులో పెట్టుకుంటారు.

ఇంటి బైబిలు చివరి ఖాళీ పేజీలో ఆ రోజు తేదీ, ఒక వచనం, రెండు వాక్యాలు రాసి అందరిచేత సంతకం చేయించండి. ఇశ్రాయేలీయులు యొర్దాను నది దాటాక గిల్గాలులో పన్నెండు రాళ్లు నిలిపింది, పిల్లలు "ఈ రాళ్లెందుకు?" అని అడిగినప్పుడు చెప్పడానికే. షీల్డులు, శాలువాలు మాత్రం వద్దు. కేకు పిల్లల కోసం తెచ్చినా దానిమీద సాక్ష్యం చెప్పినవారి పేరు రాయించకండి.

## 8. భోజనం, కానుక

పాతికమందికి పులిహోరకైనా బిర్యానీకైనా మూడు కిలోల బియ్యం సరిపోతుంది. పులిహోర, గారెలు, పెరుగన్నంతో ముగించినా ఎవరూ తప్పు పట్టరు. అప్పు చేసి పెట్టే విందు మూడో మెట్టులో చేసిన పనినంతా చెరిపేస్తుంది.

ఏమీ సిద్ధం చేసుకోలేనివారికి వంతులు పంపమని నెహెమ్యా 8:10లో ఉంది. వాచ్‌మన్ కుటుంబానికి, వీధి ఊడ్చే ఆవిడకు మిగిలింది పంపడం కాకుండా వడ్డన మొదలుకాకముందే తీసి పక్కన పెట్టండి. కె.జి.హెచ్. దగ్గర రోగుల బంధువులకు పొట్లాలు ఇవ్వాలనుకుంటే వేడిగా ఉన్నప్పుడే ఇచ్చి వచ్చేయండి. ఫొటోలు, కరపత్రాలు లేకుండా.

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. అడ్డాకు విస్తర్లు తెచ్చుకోండి.

వచ్చినవారి మధ్య కానుక సంచి తిప్పొద్దు. కృతజ్ఞత మీది కాబట్టి కానుకా మీదే, సంఘానికి ఆదివారం ఇవ్వండి. పాస్టర్ గారి రానుపోను ఖర్చు కవర్లో పెట్టి గుమ్మం దగ్గర ఇవ్వండి.

## 9. తరచూ జరిగే తప్పులు, సర్దుబాట్లు

ఎవరో లైవ్ పెట్టేశారు. మొదట్లోనే నడిపించేవారితో "ఫోన్లు లోపల పెట్టుకోండి" అని చెప్పించండి. అప్పటికే పెట్టి ఉంటే మెల్లగా వెళ్లి ఆపించి, వీడియో తీసేయమనండి.

సాక్ష్యం పోటీ మొదలైంది. ఒకరిది విని ఇంకొకరు అంతకు పెద్దది చెబుతారు. నడిపించేవారు పాట ఎత్తుకోవడమే మందు.

మధ్యలో ఏడుపు వచ్చింది. ఆగండి, నీళ్లు తాగండి. పక్కవారు కాగితం తీసుకుని మిగతాది చదవొచ్చు. కీబోర్డుతో నేపథ్య సంగీతం వేయొద్దు.

రాజీ కుదిరిన బంధువును అందరి ఎదుట లేపి కౌగిలించుకోమన్నారు. పాపం, ఆయన భోజనానికి వచ్చాడు. ఇది జరగకూడదని పాస్టర్ గారికి ముందే చెప్పండి.

పెద్దన్నయ్య అలిగాడు. యేసు చెప్పిన కథలో తప్పిపోయిన కుమారుడు తిరిగొచ్చి విందు జరిగినప్పుడు అన్న అలిగాడే, అదే ఇది. ఇన్నేళ్లు తాగకుండా, తిట్టకుండా ఇల్లు మోసినవారికి ఈ హడావిడి మంట పుట్టిస్తుంది. సాక్ష్యంలో వారికి ఒక వాక్యం కేటాయించండి: మీరు మోశారు కాబట్టే ఈ ఇల్లు నిలబడింది అని.

## 10. కూడిక తర్వాత

మూడు రోజుల్లో: వచ్చినవారికి ఫోన్ చేసి థాంక్స్ చెప్పండి. చివరి ప్రార్థనలో కళ్లు తుడుచుకున్నవారు ఎవరైనా గుర్తుంటే ముందు వారికి చేయండి.

ఒక నెలలో: మీ పోరాటమే ఉన్న ఒక్కరితో వారానికోసారి కూర్చోండి. టీ కొట్టు దగ్గరైనా, బీచ్ రోడ్డు గట్టు మీదైనా. ఉపదేశం అక్కర్లేదు, తోడు చాలు.

వచ్చే ఏడాది: అదే సంగతికి మళ్లీ కూడిక వద్దు. కుటుంబంగా ఆ పేజీ తీసి చదువుకుని ప్రార్థించుకోండి.

మళ్లీ పడిపోతే? అవుతుంది. నీతిమంతుడు ఏడుసార్లు పడినా తిరిగి లేస్తాడని సామెతలు 24:16 చెబుతుంది. దెబ్బ తగిలిన మనిషికి, పాస్టర్ గారికి అదే రోజు చెప్పండి. కూడికకు వచ్చిన పాతికమందినీ పిలిచి చెప్పాల్సిన పని లేదు. దాచితే మాత్రం పాత బతుకు తిరిగి మొదలైనట్టే.

తాగుడు విషయంలో ఇంకో జాగ్రత్త. ఏళ్ల తరబడి రోజూ తాగేవారు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మళ్లీ మొదలైతే ఉపవాస ప్రార్థనకు కూర్చోబెట్టి గదిలో ఉంచకండి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికో, దగ్గర్లో ఉన్న డాక్టరు దగ్గరికో తీసుకెళ్లండి, ప్రార్థన ఆటోలో వెళ్తూ కూడా చేయొచ్చు.